ఆ ఐమ్యాక్‌ని పాతసామాన్లవాడికి ఇవ్వకు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? నీ పాత ఐమ్యాక్‌ని, అంటే స్క్రీన్‌లోనే కంప్యూటరంతా ఇమిడి ఉండే ఆ ఆపిల్ మిషన్‌ని, నీ విండోస్ ల్యాప్‌టాప్‌కి మానిటర్‌గా వాడుకోవచ్చా అని మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నాను, ఆ రొదలో నా మాటలు సగం నీకు వినపడనే లేదు. అయినా కేబుళ్ల పేర్లు, మోడళ్ల సంవత్సరాలు నోటితో చెబితే గుర్తుండవు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. స్టూడియోలో మూలపెట్టిన ఆ 27 అంగుళాల ఐమ్యాక్‌ని ఎవరికీ ఇచ్చెయ్యకు. పాతసామాన్లవాడు తూకం లెక్కన ఇచ్చే డబ్బుకి అలాంటి స్క్రీన్ నీకు ఎక్కడా దొరకదు. 2011 మోడల్ అన్నావు కదా, దానిది 2560×1440 చుక్కల ఐపీఎస్ ప్యానెల్, అంటే రంగులు బాగా చూపించే రకం స్క్రీన్. ఇవాళ షాపుకెళ్లి మామూలు ధరలో మానిటర్ అడిగితే ఎక్కువగా చూపించేవి 1920×1080వే. ఎన్ని పెళ్లి ఆల్బమ్‌లు చేశావురా దాని మీద! పట్టుచీర జరీ, పెళ్లికూతురి కాళ్ల పసుపు తేడా లేకుండా చూపించిన స్క్రీన్ అది. ఆపిల్ సిస్టమ్ హై సియెర్రా అనే పాత వెర్షన్ దగ్గర ఆగిపోయింది కాబట్టి కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఎక్కడం లేదు, అంతవరకే. ప్యానెల్‌కి ఇంకా బోలెడు ఆయుష్షు ఉంది.

ల్యాప్‌టాప్ నుంచి బొమ్మని తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు దీనికి గుచ్చితే రాదా అని అడిగావు. రాదురా. నీ ఐమ్యాక్ వెనక అసలు హెచ్‌డీఎంఐ పోర్టే లేదు. మీ బావమరిది దగ్గరున్న విండోస్ ఆల్-ఇన్-వన్‌కి (అదీ ఐమ్యాక్‌లాగే స్క్రీన్‌లోనే కంప్యూటర్ ఉన్నది) ఉందన్నావు కానీ, చాలావాటిలో ఆ పోర్ట్ బొమ్మని బయటికి పంపడానికే. డెల్ ఎక్స్‌పీఎస్ వన్ 27 లాంటి కొన్నిటికి మాత్రం లోపలికి తీసుకునే పోర్ట్ విడిగా ఇచ్చారు. పోర్ట్ పక్కన ‘ఇన్’ అని రాసుందేమో చూడమను. ఉంటే ఆయన అదృష్టం, ఒక్క వైరుతో పని అయిపోతుంది.

నీ ఐమ్యాక్‌కి ఇంకో దారి ఉంది, టార్గెట్ డిస్‌ప్లే మోడ్ అంటారు. ఇంకో మ్యాక్‌ని వైరుతో కలిపి, ఐమ్యాక్ కీబోర్డు మీద కమాండ్, ఎఫ్2 కలిపి నొక్కితే అది మానిటర్‌గా మారిపోతుంది. 2009 చివర్లో, 2010లో వచ్చిన 27 అంగుళాలవాటికి మినీ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ సరిపోతుంది. 2011 నుంచి 2014 మధ్య దాకా వచ్చినవాటికి థండర్‌బోల్ట్ కేబులే కావాలి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. రెండు కేబుళ్ల మూతులూ అచ్చం ఒకేలా ఉంటాయి, రెండూ అదే సందులో దిగుతాయి. మినీ డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టి ఎంతసేపు నొక్కినా నీ ఐమ్యాక్ ఉలకదు, పలకదు. పైగా బొమ్మ పంపే మ్యాక్ 2019 లేదా అంతకు ముందుదై, అందులో కాటలినా అనే మ్యాక్ సిస్టమ్ గానీ అంతకన్నా పాతది గానీ ఉండాలి. నీది విండోస్ ల్యాప్‌టాప్, కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే. 2014 చివర్లో 5కె స్క్రీన్‌తో వచ్చిన ఐమ్యాక్‌కైతే ఈ సదుపాయమే తీసేశారు. ఎవరైనా 5కె ఐమ్యాక్ చవగ్గా ఇస్తాను, మానిటర్‌గా వాడుకో అంటే ఈ సంగతి గుర్తుంచుకో.

సాఫ్ట్‌వేర్‌తో కలిపే పద్ధతులూ ఉన్నాయి. రెండూ విండోస్ అయితే స్పేస్‌డెస్క్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, వైఫై కాకుండా లాన్ కేబుల్‌తో కలిపితే పర్వాలేదు. మెయిలో, లెక్కల షీటో పక్కన తెరిచి పెట్టుకోవడానికి చాలు. ఫొటో ఎడిటింగ్‌కి మాత్రం నేను వద్దంటాను. మౌస్ కదిలిన కాసేపటికి బొమ్మ కదులుతుంది, రంగులు కుదించి పంపుతుంది, ఆ పాత కంప్యూటరు కూడా రోజంతా కరెంటు తాగుతూ నడుస్తూ ఉండాలి.

నా ఓటు డ్రైవర్ బోర్డుకి. పాత మదర్‌బోర్డుని పక్కన పెట్టేసి, ప్యానెల్‌కి నేరుగా ఒక చిన్న బోర్డు తగిలిస్తారు. దానికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ లాంటివి ఉంటాయి. మా ఇంట్లో 23 అంగుళాల విండోస్ ఆల్-ఇన్-వన్‌కి ఇదే చేయించాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో ఒకాయన కొత్త మానిటర్ కొనుక్కోండి సార్ అని తల కూడా ఎత్తలేదు. పై అంతస్తులో ఒక కుర్రాడు మాత్రం ప్యానెల్ తిప్పి వెనక స్టిక్కర్ చూశాడు. టీవీలకి వేసే యూనివర్సల్ బోర్డు తీసి, ముందు దాని మీది చిన్న జంపర్ని (పిన్నులని కలిపే మూతని) 5 వోల్టుల పిన్నుల మీదికి మార్చాడు. ఆ బోర్డు 3.3, 5, 12 వోల్టులు మూడూ ఇవ్వగలదు, 5 కావాల్సిన ప్యానెల్‌కి 12 వెళ్తే అక్కడికక్కడే కాలిపోతుంది. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి 1920×1080 ఫర్మ్‌వేర్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించాడు. ఆ ఫర్మ్‌వేర్ తప్పయితే బొమ్మ రెండుగా చీలడమో, మొహాలు ఆకుపచ్చగా రావడమో జరుగుతుందట. లైటు వెలిగి, నా ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ ఆ పాత స్క్రీన్ మీద నిండుగా పరుచుకుంటే ఎంత సంతోషం వేసిందో! బోర్డు, కేబుల్, అడాప్టర్ అన్నీ కలిపి రెండు వేల లోపే. మా అమ్మాయి ఇప్పుడు బీటెక్ ప్రాజెక్టు దాని మీదే చేస్తోంది. వెబ్‌క్యామ్ మాత్రం ఇక పనిచేయదు.

నీదానికి టీవీ బోర్డు పనికిరాదు. 2560×1440 నడిపే బోర్డు కావాలి, ధర కూడా ఎక్కువే. ప్యానెల్ వెనక ఎల్ఎం270డబ్ల్యూక్యూ1 అనీ, దాని తర్వాత మరికొన్ని అక్షరాలూ ఉంటాయి. ఆ చివరి అక్షరాలతో సహా అమ్మేవాడికి చెప్పాలి, అవి తేడా అయితే కేబులూ తేడా అయ్యే అవకాశం ఉంది. విప్పడం మాత్రం నీ మోడల్లో తేలిక. 2012 చివరి నుంచి వచ్చినవాటికి అద్దం జిగురుతో అతికించారు, నీదానికి అయస్కాంతాలతోనే నిలబడుతుంది. పై రెండు మూలల్లో సక్షన్ కప్పులు పెట్టి లాగితే వచ్చేస్తుంది. దాని కింద ప్యానెల్‌కి టి10 టోర్క్స్ స్క్రూలు (నక్షత్రం ఆకారం గాడి ఉన్నవి). ఎలాగూ తీస్తావు కాబట్టి ఇన్నేళ్లుగా అద్దం లోపలివైపు పట్టిన దుమ్మంతా మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్. అదొక్కటే చేసినా స్క్రీన్ ఎంత మెరుగవుతుందో చూడు.

కానీ శీనూ, లోపలి పవర్ సప్లై జోలికి నువ్వు వెళ్లకు. 230 వోల్టులు నేరుగా దానిలోకే వస్తాయి, ప్లగ్ తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. టీవీ మెకానిక్‌ని పిలిచి నీ ఎదురుగా చేయించు. హార్డ్‌డిస్క్ తీసి నీ దగ్గరే దాచుకో, అందులో ఎంతమంది ఇళ్ల పెళ్లి ఫొటోలు ఉన్నాయో! బోర్డు పెట్టాక రంగులు కాస్త మారతాయి, మెనూలో కలర్ టెంపరేచర్ (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా కనపడాలో చెప్పే అంకె) 6500 దగ్గర పెట్టి, మంచి ప్రింట్ ఒకటి పక్కన పెట్టుకుని సరిచూసుకో.

ఇప్పుడు చేయాల్సింది, తెల్లటి బొమ్మ ఒకటి స్క్రీన్ నిండా పెట్టి మరకలు, పసుపు మచ్చలు ఏమైనా ఉన్నాయేమో చూడు. శుభ్రంగా ఉంటే మెకానిక్ చేత అద్దం, ప్యానెల్ తీయించి వెనక స్టిక్కర్ ఫొటో నాకు పంపు. సీటీసీలో ఆ కుర్రాడికి చూపించి సరైన బోర్డు తీసుకుంటాను, సంక్రాంతికి రాజమండ్రి వచ్చేటప్పుడు తెస్తాను. డబ్బు సంగతి అప్పుడు చూసుకుందాం.

నీ
రాజు

తా.క. ఐమ్యాక్ కీబోర్డు మీ వాడు ఆడుకుంటున్నాడన్నావు, ఆడుకోనీ, దానితో మనకి పని లేదు.