రెండు సీట్ల బండి కొన్న బిడ్డకు

బిడ్డా,

ఇక్కడ అందరం బాగున్నాం. ఈసారి వానలు దసరా దాకా వదల్లేదు, షెడ్డు ముందు బురద ఇంకా ఆరలేదు. అమ్మకు మోకాలి నొప్పి ఉన్నా సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుట్ట దాకా నడిచే పోయింది. మలీద ముద్దలు చేసి నీ వంతు పక్కన పెట్టింది, ఎందుకో అడగలేదు నేను. ఆ రోజు నీ ఫోన్ వస్తుందని రాత్రి పదకొండు దాకా కూర్చుంది. అది వేరే సంగతి. నేను ఊరికే రాస్తున్నా, ప్రత్యేకంగా ఏం పని లేదు.

గుట్ట దగ్గర చిన్నత్త కలిసిందంట. లడ్డు గాడు చెప్పాడని ఒక మాట చెప్పింది. నువ్వు కారు కొన్నావంట. మాజ్డా మియాటా, 1999 మోడల్, అంటే నీ ఈడుదే. టాపు మడిచేసుకునే బండి, సీట్లు రెండే. మంచిదే. నీ సంపాదన, నీ ఇష్టం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇంట్లో ఇన్నేళ్లు పానా పట్టినోడు ఒకడు ఉన్నాడని గుర్తుకు రాలేదా అని అమ్మ అడిగింది. నేను అడగడం లేదు.

లడ్డు ఇంకో మాట కూడా అన్నాడంట. బండి మిస్సింగ్ కొడుతోందనీ, చెక్ ఇంజిన్ లైటు ఆరి వెలుగుతున్నా నువ్వు దాన్నే రోజూ ఆఫీసుకు తోలుతున్నావనీ. ఇది నిజమేనా? ఆ లైటు నిలకడగా వెలిగితే కంప్యూటర్ ఏదో తప్పు రాసిపెట్టుకుందని అర్థం. బండి మామూలుగా నడుస్తుంటే తీరిక చూసుకుని వెతకొచ్చు. ఆరి వెలుగుతుంటే మాత్రం మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోతోందని లెక్క. అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పడి అక్కడ మండుతుంది. కన్వర్టర్ ఎర్రగా కాలుతుంది, లోపలి జాలీ కరిగిపోతుంది, కింద ఎండుగడ్డి ఉంటే అంటుకోవచ్చు కూడా. వైర్లు, ప్లగ్గుల ఖర్చుతో పోయేదాన్ని కన్వర్టర్ దాకా తెచ్చుకోకు. ఇల్లు చేరేదాకా మెల్లగా తెచ్చి నిలిపెయ్. ఆఫీసుకు క్యాబ్‌లో పో. ఫోన్ లేకుంటే క్యాబ్ ఎట్లా బుక్ చేస్తావో నాకు తెలియదు, మాకైతే నీ ఫోన్ పోయినట్టే ఉంది.

మిస్సింగ్ అంటే పెద్ద మర్మం ఏం కాదు, ఇంజిన్‌లో ఏదో సిలిండర్ సరిగ్గా మండటం లేదని. పల్లకి మోసే నలుగురిలో ఒకడు భుజం దించేస్తే మిగతా ముగ్గురూ తూలుతారు చూడు, అంతే. ఆ నాలుగోవాడు ఎవడో, ఎందుకు దించాడో కనుక్కోవాలి. నిప్పు లేదా, పెట్రోలు లేదా, గాలి పట్టి నొక్కే బలం లేదా, ఈ మూడింటిలో ఒకటి. మా కాలంలో చెవితోనే పట్టేవాళ్లం. అమెరికాలో 1996 మోడల్ నుంచి కార్లన్నిటికీ డాష్‌బోర్డు కింద సాకెట్ ఉంటుంది కదా, స్కానర్ గుచ్చితే చెబుతుంది. నీకు పీ 0304 అనే కోడ్ వచ్చిందంట. చివరి అంకె సిలిండర్ నెంబరు. 0300 అని, అంటే ఏ ఒక్కటో కాదని వచ్చుంటే నేను ఇంకో రకంగా రాసేవాణ్ణి, అప్పుడు గాలి లీకో పెట్రోలు ప్రెషరో చూడాలి. నీది ఒక్క సిలిండరే, నాలుగోది, రేడియేటర్ వైపు నుంచి లెక్కపెడితే అన్నిటికంటే వెనకది.

ఆ నెంబరు చూసి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, కాయిల్, సెన్సార్ అన్నీ ఆర్డర్ పెట్టెయ్యమని లడ్డు సలహా ఇచ్చాడంట. వాడికి స్టెప్నీ మార్చడం కూడా రాదు, ఆ సంగతి చిన్నత్తకు చెప్పకు. నేను ఆ బండి ఇంజిన్ యూట్యూబ్‌లో తిప్పి తిప్పి చూశాను. నీ మోడల్‌కు కాయిల్స్ రెండే, ఇంజిన్ వెనకాల ఉంటాయి. ఒకటి ఒకటికీ నాలుగుకీ, ఇంకొకటి రెండుకీ మూడుకీ నిప్పు ఇస్తుంది. కాయిల్ పోతే జంటగా పోతాయి. నాలుగు ఒక్కటే అలిగిందంటే కాయిల్‌ను తర్వాత చూద్దువు, ముందు వైరు మీదా ప్లగ్గు మీదా అనుమానపడాలి. ఆ బండ్లకు ప్లగ్ వైర్లు తొందరగా ముసలివవుతాయని అక్కడి వాళ్లు కూడా అంటున్నారు.

వైరు అంటే మేడారం గుర్తొచ్చింది. నువ్వు అప్పటికి పుట్టలేదు. అన్న ఎత్తు బంగారం మొక్కు ఉండె, అంటే వాడి బరువంత బెల్లం. పరకాల సేటు ఫియేటు షెడ్డులో రిపేరుకు వచ్చి ఉంటే, జాతరకు తీసుకుపో, బాగైందో లేదో నీకే తెలుస్తుంది అన్నాడు. రాత్రే బెల్లం డిక్కీలో పెట్టి ఇంటి ముందు నిలిపాం. పొద్దున నాయనమ్మ, అమ్మ, అన్న, మామ, నేను. ములుగు దాటేదాకా బండి బంగారం. దాటినాక ఒక్కో కుదుపు. పస్రా దాటి అడవిలోకి వచ్చేసరికి మూడు సిలిండర్ల మీద ఈడుస్తోంది. ముందు ఎడ్ల బండ్లు, వెనక ఆర్టీసీ బస్సులు, పక్కకు తీయడానికే గంట పట్టింది. మామ కార్బొరేటర్ అన్నాడు. కాదంటే వినడు, నీకు తెలుసు కదా మామ సంగతి. విప్పాడు. జెట్టు తీసి నోటితో ఊది, లుంగీకి తుడిచి మళ్లీ పెట్టాడు. అదే కొట్టుడు. నాయనమ్మేమో దారిలో ఎవరో బంగారం ముక్క నోట్లో వేసుకున్నారు, తల్లికి కోపం వచ్చిందని మొదలుపెట్టింది. అందరం అన్న వైపు చూస్తే వాడు ఏడుపు. ప్లగ్గులు మార్చాను, పాయింట్లు గీకాను, డిస్ట్రిబ్యూటర్ మూత తుడిచాను. పొద్దుగూకింది. టార్చి పట్టుకుని చూస్తుంటే సెల్లు అయిపోయి అదీ ఆరిపోయింది. మామ తిట్టుకుంటూ అగ్గిపెట్టె వెతుకుతున్నాడు, ఇంజిన్ నడుస్తోంది. ఆ చీకట్లో కనిపించింది. మూడో వైరు కింది వైపు నుంచి ఇంజిన్ మీదికి సన్నగా నీలం నిప్పు దూకుతోంది, చిట్ చిట్ అని. టార్చి వెలుగులో అది కనబడే సమస్యే లేదు. ఇంజిన్ ఆపి వైరు తిప్పి చూస్తే ఎలుక పళ్ల గాట్లు. బెల్లం వాసనకు రాత్రి వచ్చి, బెల్లం దొరక్క రబ్బరు కొరికింది. సైకిల్ మీద పోయే ఒకాయన దగ్గర పాత ట్యూబు ముక్క అడుక్కుని చుట్టి, ఇంజిన్‌కు తగలకుండా పుల్ల పెట్టి కట్టాను. అమ్మవార్లు గద్దెకు చేరేలోపు మేమూ చేరాం. మామ ఈరోజుకీ కార్బొరేటర్ శుభ్రం చేయబట్టే పోయామంటాడు.

అందుకని నువ్వు చేయాల్సింది ఇది. బండిని బయట పెట్టు. గ్యారేజీలో షట్టర్ మూసి ఇంజిన్ నడపకు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. చీకటి పడ్డాక బానెట్ లేపి, ఇంజిన్ నడుస్తుండగా, ఇస్త్రీకి నీళ్లు కొట్టే స్ప్రే సీసాతో వైర్ల మీద పల్చగా కొట్టు. నీళ్లు పొయ్యకు, తుంపర చాలు. నీలం నిప్పు ఎక్కడ కనిపిస్తే అక్కడే దొంగ. వైరును చేత్తో ముట్టుకోకు, వేల వోల్టులుంటాయి. జుట్టు ముడి వేసుకో, చున్నీ వద్దు, ముందు ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు నీళ్లు కొట్టాలి, ఒకరు లోపల కూర్చుని కొద్దిగా రేస్ చేయాలి. ఆ రెండో సీట్లో ఎవరైనా ఉంటే వాళ్ల సాయం తీసుకో. ఎవరని నేను అడగను. అమ్మ అడుగుతుంది.

నిప్పు కనబడకపోతే ప్లగ్గులు తియ్. ఇంజిన్ చల్లారినాకే. హెడ్డు అల్యూమినియందని మర్చిపోకు, వేడి మీద తిప్పితే మరలు ఊడొస్తాయి. ముందు ప్లగ్ గుంతల్లో నూనె ఉందేమో చూడు. ఉంటే వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోందని, ఆ నూనెకు వైరు రబ్బరు ఉబ్బి పాడవుతుంది. తీసిన నాలుగు ప్లగ్గులూ పేపరు మీద వరసగా పెట్టు. లేత గోధుమ రంగుంటే మంచిది. తడిగా పెట్రోలు వాసన కొడితే నిప్పు పడటం లేదు. నూనె జిడ్డుంటే రింగులో వాల్వ్ సీళ్లో, తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ. నాలుగో ప్లగ్గు రెండుకూ, రెండోది నాలుగుకూ మార్చి, కోడ్ చెరిపి, మళ్లీ చూడు. కోడ్ 0302 అయితే ప్లగ్గే. బిగించేటప్పుడు మొదలే పానా పెట్టకు, అది చివర్లో. ప్లగ్గు తలకు పెట్రోలు పైపు ముక్క తొడిగి వేళ్లతో తిప్పు, మర తప్పితే పైపు జారుతుంది గాని హెడ్డు పాడుకాదు. మన స్టీలు డబ్బాలో ఉండేది ఆ నల్ల ముక్క, చిన్నప్పుడు నువ్వు దాంతో ఈల వేసేదానివి.

ఇంకొకటి. నేను ఇంజిన్ నడుస్తుండగానే ఒక్కో వైరు పీకి వినేవాణ్ణి, నువ్వు చూశావు. అది అంబాసిడర్లకు. నీ బండికి అట్లా చేస్తే కాయిల్ పోవచ్చు, మళ్లీ పచ్చి పెట్రోలు కన్వర్టర్‌లోకే. ఇంజెక్టర్ కనెక్టర్ ఒక్కొక్కటి ఊడదీసి, విని, మళ్లీ పెట్టు. ఏది తీస్తే ఇంజిన్ చప్పుడు మారదో అదే పనిచేయని సిలిండర్. వైరూ ప్లగ్గూ ఇంజెక్టరూ అన్నీ బాగున్నాక కూడా కొడితే అప్పుడు కంప్రెషన్, అంటే ఆ గాలి నొక్కే బలం చూపించు, అది మెకానిక్ పని. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అమ్మినాయన్ని అడిగావా? బ్యాటరీ డిక్కీలో ఉంటుందంట, అదీ చూసుకో.

చిన్నత్త చెప్పిన దాంట్లో సగమే నిజమై ఉండొచ్చు. లడ్డు చూసింది ఎప్పుడో, మధ్యలో నువ్వే బాగుచేసి ఉండొచ్చు. అయితే ఆ మాటైనా ఎవరికో ఒకరికి చెప్పొచ్చు కదా. నీకు కష్టంగా ఉంటే కారు గురించే మాట్లాడు, మిగతావి అడగను. డబ్బులు తక్కువైతే చెప్పు, పోస్టాఫీసు ఎఫ్‌డీ ఒకటి వచ్చే నెల చేతికొస్తుంది.

ఆదివారం పొద్దున మీకు లేచే టైముకు మాకు రాత్రి అవుతుంది, మేం మేలుకునే ఉంటాం. వీడియో పెట్టు. ప్లగ్గుల వరస కలపకుండా, ఒకటో నెంబరు ఎడమకు పెట్టి చూపించు. అమ్మకు ముందు నీ ముఖం కావాలంట, చిక్కిపోయావో లేదో చూడాలంట. కారప్పొడి, సకినాల పిండి పార్సిల్ కట్టాం. అడ్రస్ పాతదేనా మారిందా రాయి, రెండో తలుపు నంబరుతో సహా.

మీ బాపు