డబ్బులు కట్టించుకున్నారు, నా నంబరు మాత్రం దాచిపెట్టారు

కస్టమర్ కేర్ వాళ్ళకి (నిజంగా ఎవరైనా ఉంటే),

మాది నెల్లూరు జిల్లా, విడవలూరు పక్కన. మోటార్ వైండింగ్ షాపు. రెన్యువల్ కట్టినా మీ క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పనిచేయడం లేదని మీకు ఇప్పటికి తొమ్మిదిసార్లు చెప్పాను, నోటితో చెప్పింది మీ దగ్గర నిలవదని తెలిసి పదోసారి రాసి పంపిస్తున్నాను.

మా పక్కంతా రొయ్యల గుంటలు. ఏరియేటర్లు ఆగితే నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతుంది, ఇక రైతు నెత్తిన గుడ్డే. అందుకే మోటార్ కాలితే రాత్రి రెండైనా నాకు ఫోన్ రావాలి. కాపలా కుర్రాళ్ళు నెలకొకరు మారుతుంటారు, వాళ్ళ ఫోన్లో నా నంబరు ఎందుకుంటుంది? మీ క్యూఆర్ కోడ్ తీసుకున్నది ఇందుకే. స్కాన్ చేస్తే నా పేరు, రెండు నంబర్లు, షాపు అడ్రసు వచ్చి కాంటాక్టుల్లో సేవ్ అవుతాయి. మూడు వందల పైచిలుకు స్టార్టర్ డబ్బాల మీద తుప్పు గీకి, గుడ్డతో తుడిచి, నేనే బండి మీద తిరిగి అంటించుకున్నాను.

పోయిన నెల రెన్యువల్ అన్నారు, కట్టాను. బ్యాంకు మెసేజ్ నిమిషంలో వచ్చింది. మర్నాటి నుంచి ఏ స్టిక్కర్ స్కాన్ చేసినా 'ఈ కోడ్ ప్రస్తుతం పనిచేయడం లేదు', దాని కింద ఎర్రగా 'ప్లాన్ కొనండి'. నా డబ్బాల మీద మీ అడ్వర్టైజ్‌మెంట్, అదీ నా ఖర్చుతో!

సరే, పొరపాట్లు జరుగుతాయి. నా చేతిలోనూ కాయిల్స్ కాలిపోయాయి, కాదనను. కానీ కాలినప్పుడు ఫోన్ ఎత్తాను.

మీకు ఫోన్ చేస్తే తెలుగుకు మూడు నొక్కమంది. నొక్కాను. ఇరవై నిమిషాలు పాట విన్నాక ఒకాయన హిందీలో మొదలుపెట్టాడు. నాకొచ్చిన నాలుగు ముక్కల్లో చెప్పుకుంటే, కెమెరా అద్దం తుడుచుకోమన్నాడు. తుడిచాను సామీ, స్కాన్ అవుతోంది కాబట్టే కదా మీ ఎర్ర బటన్ కనిపిస్తోంది! రెండో రోజు ఒకమ్మాయి, పాపం తెలుగమ్మాయే, 'మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్' అని నాలుగుసార్లు అని, స్టిక్కర్ ఫోటో పంపమంది. పంపాను. రెండు రోజులకు ఫోటో చెల్లదు, పీడీఎఫ్ పంపమని మెయిల్. నెట్ సెంటర్‌కి పోయి అదీ చేశాను. దానికి జవాబు: 'మీ సమస్య పరిష్కారమైంది, టికెట్ క్లోజ్ చేశాం, మా సేవకు ఎన్ని స్టార్లిస్తారు?' ఎవరికి పరిష్కారమైందో రాయలేదు. మళ్ళీ చేస్తే ఇంకొకాయన, ఈసారి భలే మర్యాదగా, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుంటే సపోర్ట్ తొందరగా అందుతుంది అన్నాడు. అంటే ఇప్పుడు కట్టింది దేనికి నాయనా?

పాలిటెక్నిక్ చదివే మా మేనల్లుడిని అడిగితే అసలు కథ చెప్పాడు. నంబరును కోడ్‌లోనే పెట్టేస్తే దానికి గడువూ ఉండదు, ఎవరి సర్వరూ అక్కర్లేదట. మీరిచ్చిన కోడ్‌లో నా నంబరే లేదు, మీ సర్వర్‌కి పోయే లింకు మాత్రమే ఉంది. నంబరు మారితే స్టిక్కర్ మార్చకుండా సరిచేసుకోవచ్చు, అందుకని అట్టా చేస్తారట, ఆ సౌకర్యం మంచిదే. కానీ ఆ తాళం మీ చేతిలో ఉంటుందని అమ్మేటప్పుడు ఒక్క ముక్క చెప్పారా? ఈ క్యూఆర్‌ని 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ వాళ్ళు కార్ల విడిభాగాల లెక్క కోసం తయారుచేసి, పేటెంట్ ఉండి కూడా అందరినీ వాడుకోనిచ్చారట. గట్టి రకం కోడ్ అయితే 30 శాతం దాకా చెడిపోయినా చదువుతుందట. నిజమే, ఉప్పుగాలికి మూల లేచిపోయిన స్టిక్కర్ కూడా టక్కున స్కాన్ అవుతోంది, పనిచేయనిది మీ ఆఫీసే.

మొదటి ఏడాది నా మాట విని ఐదారుగురు మీ దగ్గర కొన్నారు, ఫీడ్ షాపు అన్న, బోర్ల మెకానిక్, అందరూ. ఇప్పుడు వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు. మొన్న ఒక కుర్రాడు అర్ధరాత్రి మీ ఎర్ర బటన్ చూసి, కట్టాలేమో అనుకుని యజమానికి ఫోన్ చేశాడట. ఆ రైతు దగ్గర నా నంబరు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ గుంటకు మీరు కడతారా?

పాత కోడ్లు వెంటనే పనిచేయాలి, లేదా డబ్బులు వెనక్కి ఇవ్వాలి, దాంతోపాటు కొత్త స్టిక్కర్ల ఖర్చు, నా పెట్రోలు కూడా. వారం చూస్తాను. ఆ తరువాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అప్పటికీ పలక్కపోతే నెల్లూరులో వినియోగదారుల కమిషన్ ఉంది, షాపు మూసుకునైనా వస్తాను. మీ ఎర్ర బటన్ ఫోటో మా రైతుల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టడానికి మాత్రం వారం కూడా ఆగను.

మళ్ళీ పీడీఎఫ్ అడగకండి. మాట్లాడాలంటే ఫోన్ చేయండి, నా నంబరు మీ దగ్గర ఉంది, రెన్యువల్ కట్టమని ఏడుసార్లు దానికే చేశారు.

ఇట్లు,
రెండేళ్ళు డబ్బులు కట్టిన మీ కస్టమర్