పది కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్ల ఊపిరి: కేంద్ర పర్యావరణ మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రి శ్రీ భూపేందర్ యాదవ్ గారికి,

నమస్కారం. మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు ప్రాంతం. 2025 జులైలో మీ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ గురించి రాస్తున్నాను. బొగ్గు విద్యుత్ కేంద్రాలను అందులో మూడు కేటగిరీలు చేశారు. ఢిల్లీ రాజధాని ప్రాంతానికి గానీ, పది లక్షల జనాభా దాటిన నగరానికి గానీ పది కిలోమీటర్లలోపు ఉంటే ఏ. గాలి బాగాలేదని మీరే గుర్తించిన ప్రాంతాలకు అంత దగ్గరలో ఉంటే బీ. మిగతావన్నీ సీ. సీ అయితే చిమ్నీ తగినంత ఎత్తు ఉంటే చాలు, పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను తీసేసే ఎఫ్‌జీడీ పెట్టక్కర్లేదు. దేశంలో నాలుగింట మూడు వంతులకు పైగా ప్లాంట్లు ఈ సీలోకే వచ్చాయి.

గోదావరి ఒడ్డున మా భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది. 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు, మొత్తం 1,080 మెగావాట్లు. చుట్టూ పది కిలోమీటర్లలో నగరం అన్నది లేదు. ఉన్నవి కోయ గూడేలు, వరి, మిర్చి, పత్తి చేలు, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు. కాబట్టి మీ లెక్కలో ఇది సీయే.

ఈ ప్లాంటు కథ మీ శాఖ ఫైళ్లలోనే ఉంది. పర్యావరణ అనుమతి రాకముందే పనులు మొదలయ్యాయని హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. అనుమతి 2017లో వచ్చింది. దేశమంతా తక్కువ బొగ్గుతో నడిచే సూపర్ క్రిటికల్ టెక్నాలజీకి మారాలని కేంద్రమే చెబుతున్న రోజుల్లో, యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు తినే సబ్ క్రిటికల్ యూనిట్లు ఇక్కడ వచ్చాయి. అప్పుడు టెక్నాలజీలో సడలింపు, ఇప్పుడు పొగలో సడలింపు. 2017 తర్వాత మొదలయ్యే ప్లాంట్లకు సల్ఫర్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదని 2015 డిసెంబరులోనే రూలు పెట్టారు. పాత ప్లాంటు, మార్చడం కష్టం అన్న సాకు ఇక్కడ చెల్లదు. రూలు వచ్చాకే ఇది వెలిగింది.

మన బొగ్గులో గంధకం తక్కువ అంటారు. నిజమే, చాలావరకు అర శాతం దగ్గరే. కానీ వంద టన్నుల బొగ్గులో అర టన్ను గంధకం ఉంటే, మండాక అది టన్ను సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. ఇంత ప్లాంటు పూర్తి లోడు మీద రోజుకు సుమారు 15 వేల టన్నులు కాలుస్తుంది. మిగతా లెక్క మీ అధికారులు చేయగలరు. ఆ వాయువు గాలిలో సన్నని సల్ఫేట్ కణాలుగా మారి వందల కిలోమీటర్లు పోతుంది. ఎత్తు చిమ్నీ చేసే పని కూడా దాన్ని దూరం పంపడమే. మరి పది కిలోమీటర్ల దగ్గర గీత ఎందుకు గీశారో నాకు అర్థం కాలేదు.

కరెంటు వద్దని ఇక్కడ ఎవరూ అనడం లేదు. బోర్లు నడిచేదీ దానితోనే, మా పిల్లల్లో కొందరికి ఉద్యోగాలు వచ్చిందీ అక్కడే. ఎఫ్‌జీడీకి కోట్లు ఖర్చవుతాయనీ తెలుసు. కానీ అదే ఖర్చు నగరం పక్కన తప్పదన్నారు, గూడెం పక్కన దండగన్నారు. స్వచ్ఛ వాయు పథకం 2019లో మొదలైంది, అందులో 130 దాకా నగరాలున్నాయి. పల్లెలు ఆ జాబితాలో లేవు. కొలవని చోట గాలి బాగుందని ఎలా చెబుతారు?

అందుకే అడుగుతున్నాను. 2017 తర్వాత మొదలైన ప్లాంట్లకైనా ఈ మినహాయింపు తీసేయండి. అది తేలేలోపు ప్లాంటు పక్కనున్న రామానుజవరం వైపు ఊళ్లలో గాలిని రోజంతా కొలిచే కేంద్రాలు పెట్టించండి. చిమ్నీ రీడింగులు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద తెలుగులో కనిపించేలా చూడండి. బూడిద చెరువు చుట్టూ బోర్ల నీటిని వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయించి, ఫలితాలు గ్రామసభలో చదివించండి. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం, గ్రామసభ మాటకు ఇక్కడ చట్టంలోనే చోటుంది.

జవాబు తెలుగులో ఇప్పిస్తే గూడేల్లో చదివి వినిపిస్తాను.

ఇట్లు,
మణుగూరు ప్రాంత రైతు