యూవీ దీపం కొనే ముందు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం చదివాను. తొట్టిలో నీళ్లు పచ్చబడిపోయి వెనకవైపు చేపలు కూడా కనిపించడం లేదన్నావు. యూవీ స్టెరిలైజర్, అంటే నీటిలోని క్రిములను అతినీలలోహిత కాంతితో దెబ్బతీసే దీపం, పెడితే రోగాలూ నాచూ రెండూ పోతాయని ఎవరో చెప్పారట, కొనమంటావా అని అడిగావు. ఇప్పుడే కొనకు. ఆ పరికరం అంటే నాకు చిన్నచూపేమీ లేదు. నా పెద్ద తొట్టికి ఒకటి ఉంది, దాని పని అది చక్కగా చేస్తోంది. కానీ అది చేసే పని వేరు, నువ్వు దాని నుంచి ఆశిస్తున్నది వేరు.

ముందు తెల్లటి గిన్నెలో తొట్టి నీళ్లు ముంచి పగటి వెలుతురులో చూడు. నీళ్లకే ఆకుపచ్చ రంగు ఉంటే అది నీటిలో తేలే నాచు. దాన్ని యూవీ నిజంగానే వదలగొడుతుంది, కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. గోధుమ రంగు ఉంటే అది నువ్వు అలంకరణకు పెట్టిన దుంగలోంచి ఊరిన రంగు. దానికి యూవీ పనికిరాదు, ఫిల్టర్‌లో రంగును పీల్చుకునే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్ వెయ్యాలి. తొట్టి కొత్తదై నీళ్లు తెల్లగా మసకబారితే అది బాక్టీరియా పొంగు, తనంతట తానే తగ్గుతుంది. ఇక అద్దానికీ రాళ్లకీ పట్టిన పాచి సంగతి అంటావా, అది దీపం దగ్గరకు రానే రాదు. గీకి తీయవలసిందే.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దీపం ఉన్న గొట్టంలోంచి పోయిన నీటికి మాత్రమే చికిత్స జరుగుతుంది. లోపలి దీపం 254 నానోమీటర్ల ప్రాంతంలో అతినీలలోహిత కాంతిని ఇస్తుంది. అది సూక్ష్మజీవి డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఆ జీవి అక్కడికక్కడే చావకపోయినా ఇక పెరిగి రెండు కాలేదు. మామూలు గాజు ఈ కాంతిని ఆపేస్తుంది కనుక దీపం చుట్టూ దాన్ని పోనిచ్చే క్వార్ట్జ్ గొట్టం పెడతారు. కాంతి ఎంత బలంగా ఉంది, నీరు దాని ముందు ఎంతసేపు ఉంది అన్న రెండూ కలిస్తేనే మోతాదు. తుంపరలో ఒక్క పరుగున వీధి దాటినవాడు తడవనట్టే, పెద్ద పంపు తగిలించి నీటిని దీపం ముందు నుంచి తరిమేస్తే క్రిములకు ఏమీ కాదు. నాచుకు తక్కువ మోతాదు చాలు. పరాన్నజీవులకు చాలా ఎక్కువ కావాలి, అంటే నీరు ఇంకా నెమ్మదిగా పారాలి. డబ్బా మీద వాట్లు మాత్రమే రాసి, ఏ పనికి నీరు ఎంత వేగంతో పారాలో రాయని పరికరాన్ని నేను నమ్మను.

రోగాల మాట కూడా అడిగావు కనుక తెల్లమచ్చల జబ్బునే తీసుకో. చేప ఒంటి మీద ఉప్పురవ్వల్లా కనిపించే ఆ మచ్చల్లో క్రిమి చర్మం కింద దాక్కుని ఉంటుంది. బాగా పెరిగాక రాలి అడుగుకు చేరుతుంది, అక్కడ తిత్తి కట్టుకుని వందలుగా విడిపోతుంది. ఆ పిల్లలు మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదే కొద్ది సమయంలోనే యూవీకి చిక్కే అవకాశం ఉంది. అప్పటికైనా గొట్టంలోకి వస్తేనే! చేప పక్కనే ఉంటే క్రిమికి గొట్టం దాకా రావలసిన అవసరమేముంది? అందుకే యూవీ జబ్బు తీవ్రతను తగ్గించవచ్చేమో గాని, ఉన్న జబ్బును నయం చెయ్యలేదు. కొత్త చేపను వేరే తొట్టిలో మూడు నాలుగు వారాలు ఉంచి చూసుకోవడమే అసలైన రక్షణ. ఈ విషయంలో నేను ఎంత పట్టుబడతానో నీకు తెలుసు. దీపం ఉంది కదా అని కొత్త చేపను నేరుగా తొట్టిలో వదిలేస్తావేమోనన్నదే నా భయం.

మంచి బాక్టీరియా చచ్చిపోతుందేమోనన్న బెంగ మాత్రం పెట్టుకోకు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా, దాన్ని మార్చే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజికీ రాళ్లకీ అంటుకుని బతుకుతుంది, నీళ్లలో తిరగదు. దుకాణంలో సీసాలో అమ్మే మంచి బాక్టీరియాను తొట్టిలో పోసినప్పుడు మాత్రం కొన్ని రోజులు దీపం ఆపు. మందు వేసినప్పుడు కూడా ఆపాలి, మలాకైట్ గ్రీన్ వంటివి ఆ కాంతికి విరిగిపోతాయి. మొక్కలకు వేసే ఇనుము ఎరువుదీ అదే గతి.

ఎప్పటికైనా కొంటే ఒక్క మాట గుర్తుంచుకో. దీపం నీలంగా వెలుగుతోందంటే పనిచేస్తోందని కాదు. ఏడాది పాటు ఆపకుండా వాడాక వెలుగు అలాగే కనిపించినా పనికొచ్చే కాంతి బాగా తగ్గిపోతుంది, దీపం మార్చాలి. క్వార్ట్జ్ గొట్టాన్ని బయటికి తీసి వేలితో రాస్తే జిగురు పొర, దాని కింద గరుకుగా తెల్లటి సున్నం తగులుతాయి. ఆ పూత కాంతిని మింగేస్తుంది. వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే వదులుతుంది. పరికరాన్ని ఫిల్టర్ తర్వాతే పెట్టాలి, మురికి నీటిలోంచి కాంతి దూరం పోదు. వెలుగుతున్న దీపాన్ని ఎప్పుడూ నేరుగా చూడకు, కళ్లు దెబ్బతింటాయి. ప్లగ్గు తీశాకే మూత విప్పు.

ఇక నీ తొట్టికి వద్దాం. నీళ్లు పచ్చబడ్డాయంటే వెలుతురూ, నీటిలో నాచుకు ఎరువయ్యే పోషకాలూ రెండూ ఎక్కువయ్యాయన్నమాట. యూవీ పెడితే రంగు పోతుంది గాని ఆ కారణం అలాగే మిగులుతుంది. పైగా చచ్చిన నాచు కుళ్లి అమ్మోనియా పెరగవచ్చు. కిటికీ ఎండ తగలకుండా చూడు. లైటు రోజుకు ఆరేడు గంటలకు మించనివ్వకు. మేత రెండు నిమిషాల్లో తినేంతే వెయ్యి, వారం వారం పాతిక శాతం నీళ్లు మార్చు. అప్పటికీ తగ్గకపోతే మూడు నాలుగు రోజులు తొట్టిని దుప్పటితో పూర్తిగా కప్పెయ్యి, గాలి పంపు మాత్రం నడవనివ్వు. తర్వాత అమ్మోనియా పరీక్ష చేసి నీళ్లు మార్చు. ఇవన్నీ చేశాక కూడా పచ్చదనం పదేపదే వస్తుంటేనో, రెండు మూడు తొట్లకు ఒకే నీరు తిరిగేలా ఏర్పాటు చేసుకుంటేనో అప్పుడు యూవీ కొను, ఏది కొనాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ తొట్టి ఎన్ని లీటర్లో, చేపలు ఎన్నో, నీటి పరీక్షలో నాచుకు ఎరువయ్యే నైట్రేట్ ఎంత చూపిస్తోందో వెంటనే రాయి. గిన్నెలో నీళ్ల ఫోటో కూడా పంపు.

నీ స్నేహితుడు