పాపకు గల్లీలు నేర్పు

ఒరేయ్,

ఎలా ఉన్నావు? పాతబస్తీ వదిలి గేటెడ్ కమ్యూనిటీకి మారుతున్నామని, పాపకు ఇక దారులు గుర్తుపట్టడం ఎలా వస్తుందోనని దిగులుగా రాశావు. అది ఉత్త బెంగ కాదురా.

2022లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పడవ నడుపుతూ దారి వెతుక్కునే ఫోన్ ఆటతో 38 దేశాల్లో దాదాపు 4 లక్షల మందిని పరీక్షించారు. మొత్తం మీద నగరాల బయట పెరిగినవాళ్లకే దారి బాగా పట్టుబడింది. షికాగోలా గళ్లు గీసినట్టున్న వీధుల్లో పెరిగినవాళ్లు వంకర దారుల్లో తడబడ్డారు, తిన్నటి దారుల్లో మాత్రం రాణించారు. ఇప్పుడు ఎక్కడుంటున్నారనేదాన్ని బట్టి తేడా రాలేదు. చిన్నప్పుడు తిరిగిన చోటును బట్టే వచ్చింది.

నాకు తోచిన కారణం ఇది. తిన్నటి వీధుల్లో ఒక మలుపు తప్పినా పక్క మలుపు అక్కడికే చేరుస్తుంది. వంకర సందులో అలా కాదు, ప్రతి మలుపుకీ దిక్కును మనసులో సరిచేసుకోవాలి. మన చార్మినార్ దగ్గర రెండూ ఉన్నాయి. 1591 నాటి ఆ కట్టడం నుంచి నాలుగు దిక్కులా నాలుగు దారులు, వాటిని దాటి లోపలికెళ్తే మెలికల గల్లీలు.

అందుకే మారేలోపు ఆదివారాలు పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు తీసుకెళ్లు. ముందు చార్మినార్ కింద నిలబెట్టి ఉత్తరాన గుల్జార్ హౌజ్, పడమరన లాడ్ బజార్ చూపించు. పొద్దుటి ఎండ కుడి చెంపకు తగిలితే ముఖం ఉత్తరానికి ఉన్నట్టని చెప్పు. సందుల్లో మినార్లు కనబడవు, అప్పుడు ఎండే దిక్కు. తర్వాత తనను ముందు నడవనిచ్చి నువ్వు రెండడుగులు వెనక ఉండు. మొదటి రోజు మూడు మలుపులు చాలు.

పిల్లలు ఎక్కువగా తప్పేది తిరుగుదారిలో. వెళ్లేటప్పుడు చూసిన మలుపు వచ్చేటప్పుడు వేరేలా కనిపిస్తుంది. అందుకే ప్రతి మలుపు దగ్గరా ఆగి వెనక్కి తిరిగి చూడమను. గుర్తుకు పండ్ల బండి పెట్టుకుంటుంది, వద్దను. గంటలో అది ఇంకో చోట ఉంటుంది. పాత తలుపు, చెట్టు, మెట్లు అయితే కదలవు. తప్పు సందులోకి తిరిగితే వెంటనే చెప్పకు. ఒక్క మలుపు దాకా పోనిచ్చి, "ఇది ఇందాక చూశామా?" అని అడుగు. తనే కనుక్కున్న తప్పు గట్టిగా గుర్తుంటుంది.

కొత్త చోట ఇబ్బంది ఏంటంటే బ్లాకులన్నీ ఒకే అచ్చు. కారు వెనక సీట్లో కూర్చున్న పిల్ల ఏ మలుపూ తను ఎంచుకోదు, అందుకే దారి తలకెక్కదు. కిరాణాకి నడిపించు, వారానికో కొత్త దారిన. ఫోన్లో మ్యాప్ చూస్తే ఉత్తరం ఎప్పుడూ పైకే ఉండేలా పెట్టు. మనతోపాటు తిరిగే మ్యాప్ దిక్కును నేర్పదు.

ఇంటికొచ్చాక తిరిగిన దారిని కాగితం మీద గీయించు. దూరాలు తప్పినా పర్వాలేదు, మలుపుల వరస సరిపోతే చాలు. గీసింది దిద్దకుండా ఫోటో తీసి నాకు పంపు. చెల్లెను అడిగానని చెప్పు.

నీ
దోస్తు