ఖాళీగా వదిలేసిన గడి: మ్యూచువల్ ఫండ్ ఫోలియో నంబర్ల విషయమై సెక్యూరిటీల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సెబీ అధ్యక్షుల వారికి,

నమస్కారములు. నేను జూనియర్ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. చిట్టాలో పద్దు రాసేటప్పుడు వివరాల వరుస పక్కన ‘ఆ.పు.’ అనే సన్నని గడి ఒకటి ఉంటుందనీ, అది ఆవర్జా పుట సంఖ్య అనీ, ఈ పద్దు ఆవర్జాలో ఏ పుటకు చేరిందో వెతుక్కోవడానికి అదే ఆధారమనీ ఏటేటా చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు అదే ఎల్.ఎఫ్., అంటే లెడ్జర్ ఫోలియో. పిల్లలు ఆ గడిని ఖాళీగా వదిలేసేవారు. లెక్క సరిపోయిందా లేదా అన్నదే చూసి నేనూ మార్కులు వేసేసేవాణ్ణి. ఆ గడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో మా బావగారు కాలం చేసిన తరువాత గానీ నాకు తెలిసిరాలేదు.

బావగారు జాగ్రత్తపరులు. రూళ్ల నోటుబుక్కు అట్ట మీద ‘ముఖ్యమైనవి’ అని రాసి, మూడో పేజీలో ‘మ్యూచువల్ ఫండ్లు’ అన్న శీర్షిక కింద ఆరు నంబర్లు వరుసగా రాసి ఉంచారు. నాలుగు నీలం సిరాతో, రెండు పెన్సిలుతో. ఏది దేని నంబరో మాత్రం రాయలేదు. రాసినప్పుడు ఆయనకు తెలిసే ఉంటుంది కదా! మా అక్కయ్య ఆ పుస్తకం నా చేతికిచ్చి, “నువ్వు లెక్కల మాస్టారివి, చూసి పెట్టరా తమ్ముడూ” అంది. చూడటానికి నాకు రెండు రోజులు పట్టింది.

పది అక్షరాలదాన్ని పాన్ అని వెంటనే గుర్తుపట్టాను. ఇరవై అక్షరాల పొడుగాటి నంబరును మాత్రం మదుపు ఖాతా నంబరే అనుకుని మొదటి రోజంతా దాని వెంట పడ్డాను. తీరా చూస్తే అది సిప్ (వాయిదాల మదుపు) సొమ్మును నెలనెలా బ్యాంకు ఖాతా నుంచి మినహాయించుకోవడానికి ఇచ్చిన ఆదేశానికి సంబంధించిన యూఎంఆర్‌ఎన్. దానితో బ్యాంకులో పని ఉంటుందేమో గానీ యూనిట్లు, అంటే ఫండులో ఆయనకున్న వాటాలు, ఎక్కడున్నాయో తెలియదు. ‘ఐఎన్‌ఎఫ్’ అని మొదలయ్యే పన్నెండు అక్షరాలది ఐసిన్. అది పథకానికి గుర్తు, మదుపరికి కాదు; ఆ పథకంలో అదే ప్లాను, అదే ఆప్షను తీసుకున్న వారందరికీ అదే ఉంటుంది. ‘ఏఆర్‌ఎన్’ అని ఉన్నది పంపిణీదారు నమోదు సంఖ్య. అంటే ఆరింటిలో నాలుగు మా అక్కయ్య సొమ్ము ఏ ఖాతాలో ఉందో చెప్పేవి కావు. మిగిలిన రెండింటిలో సిరాతో రాసినదే ఫోలియో నంబరు, అంటే ఫండ్ సంస్థ పుస్తకాల్లో మదుపరి ఖాతాకు ఇచ్చే నంబరు. దానికైనా తోక లేదు.

తోక అంటే ఏమిటో తమరికి తెలుసు. కొన్ని ఫండ్ సంస్థల ఫోలియో నంబర్లలో ప్రధాన సంఖ్య తరువాత ఏటవాలు గీత గీసి మరో రెండంకెలు వేస్తారు. బావగారు గీత వరకే రాసుకున్నారు. ఫోను చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే, “సార్, స్లాష్ తరువాత ఏముందో చెప్పండి” అంది. వెబ్‌సైటులో వేస్తే నంబరు చెల్లదని వచ్చింది. చివరకు మరణ ధ్రువీకరణ పత్రం, పాన్ పట్టుకుని కార్యాలయానికి వెళితే, ఆ ఒక్క సంస్థలోనే ఆయన పేరిట మూడు ఫోలియోలు ఉన్నాయని తేలింది. సంస్థ పేరు రాయడం లేదు. ఇది ఒక్క సంస్థ చేసిన తప్పు కాదు, పద్ధతిలోనే ఉన్న లోపం.

ఒకే మనిషికి, ఒకే సంస్థలో మూడెందుకు? దరఖాస్తు పత్రంలో ‘ఇప్పటికే ఫోలియో ఉన్నవారు ఇక్కడ నంబరు రాయండి’ అని ఒక గడి ఉంటుంది. మూడుసార్లూ అది ఖాళీగానే ఉంది. నంబరు వేసి ఉంటే కొత్త పథకం యూనిట్లు కూడా పాత ఫోలియోలోనే చేరేవి, ఎందుకంటే ఒక ఫండ్ సంస్థకు చెందిన ఎన్ని పథకాలైనా ఒకే ఫోలియోలో ఇముడుతాయి. వేయకపోతే కొత్త ఫోలియో పుడుతుంది. నా విద్యార్థులు వదిలేసిన గడి, బావగారు వదిలేసిన గడి ఒకటే.

ఒక సంస్థ ఇచ్చిన ఫోలియో మరో సంస్థకు పనికిరాదన్న సంగతి చాలామందికి తెలియదు. పాన్ మనిషిది, ఫోలియో ఆ సంస్థ ఆవర్జాలో మనిషికిచ్చిన పుటది. ఫోలియో అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి ఆకు అని అర్థం. తాటాకుల మీద రాసుకున్న వాళ్లకు ఆ పోలిక విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే ఇక్కడ ఒక్కో పుటకు ఒక్కో షరతు ఉంది. నామినీ నమోదు ఫోలియోకే, సొమ్ము జమ కావలసిన బ్యాంకు ఖాతా నమోదు ఫోలియోకే, ఉమ్మడి మదుపరులుంటే వారి వరుసా ఫోలియోకే. భర్త మొదట, భార్య తరువాత ఉన్నది ఒక ఫోలియో. వరుస తిరగబడితే అది వేరే ఫోలియో. కేవైసీలో చిరునామా మారితే అన్నిచోట్లా మారవచ్చు గానీ, ఒక ఫోలియోలో నామినీని మారిస్తే పక్క ఫోలియోకు ఆ సంగతే తెలియదు.

మా ఇంట్లో జరిగిందదే. మొదటి ఫోలియోలో బావగారు ఒక్కరే. నామినీగా ఆయన తల్లి ఉన్నారు, ఆవిడ ఆయనకంటే ముందే పోయారు. రెండో దానిలో అక్కయ్య ఉమ్మడి మదుపరి. మూడోది ఫోనులో యాప్ ద్వారా తెరిచినది, దానికి అక్కయ్యే నామినీ. ఒకే మనిషి సొమ్ము, ఒకే సంస్థ, ఒకే వారసురాలు, అయినా మూడు దారులు. ఉమ్మడి ఫోలియోలో చనిపోయినవారి పేరు తొలగిస్తే సరిపోయింది. నామినీ ఉన్నదానికి క్లెయిము పత్రంతో పని జరిగింది. మొదటిదానికి మాత్రం వారసత్వ పత్రం, నష్టపూచీ పత్రం, మిగిలిన వారసుల అంగీకారం అంటూ ఇప్పటికీ తిరుగుతున్నాం. ఆ గడిలో ఒక నంబరు రాసి ఉంటే ఫోలియో ఒక్కటే ఉండేది, దాని నామినీ తాజాగా ఉందా లేదా అని చూసుకోవలసిన చోటూ ఒక్కటే అయ్యేది.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదని లెక్కలే చెబుతున్నాయి. 2024లోనే దేశంలో మ్యూచువల్ ఫండ్ ఫోలియోలు 20 కోట్లు దాటాయి. పాన్‌ను బట్టి మనుషులను లెక్కిస్తే అప్పటికి సుమారు 5 కోట్ల మంది. సగటున తలకు నాలుగు ఫోలియోలు. వేర్వేరు సంస్థల్లో మదుపు చేసేవారికి వేర్వేరు ఫోలియోలు తప్పవు, అందులో దోషం లేదు. ఈ నాలుగింటిలో ఎన్ని అవసరం కొద్దీ పుట్టాయి, ఎన్ని ఖాళీ గడి వల్ల పుట్టాయి అన్నదే నా ప్రశ్న.

సెబీ ఏమీ చేయలేదని అనడం లేదు. అలా అంటే అన్యాయమే అవుతుంది. 2007 జులైలో సెక్యూరిటీల మార్కెట్ లావాదేవీలకు పాన్‌ను ఏకైక గుర్తింపు సంఖ్యగా చేశారు. పాన్ ఆధారంగా అన్ని సంస్థల మదుపులనూ ఒకచోట చూపే ఏకీకృత ఖాతా స్టేట్‌మెంటును తెచ్చి, 2014 నాటి ఆదేశంతో డీమ్యాట్ (షేర్లు వగైరా ఎలక్ట్రానిక్ రూపంలో ఉండే ఖాతా) హోల్డింగులను కూడా అందులో చేర్చారు. ఫండ్ సంస్థల తరఫున మదుపరుల ఖాతాలు చూసే క్యామ్స్, కేఫిన్‌టెక్ కలిసి 2021లో ఫండ్ల సేవలను ఒకేచోట అందించే ఎంఎఫ్ సెంట్రల్‌ను తెచ్చాయి. మదుపరి మరణించినట్లు ఒకచోట తెలిపితే కేవైసీ నమోదు సంస్థల ద్వారా మిగిలినచోట్లకూ ఆ కబురు చేరే ఏర్పాటు 2024 జనవరి నుంచి ఉంది. అది మాకు నిజంగా ఉపయోగపడింది. పదేళ్లుగా మదుపరి వైపు నుంచి ఏ కదలికా లేని ఫోలియోలను వెతుక్కోవడానికి 2025లో ‘మిత్ర’ను తెమ్మన్నారు. పేరు బాగుంది.

అయితే ఈ తలుపుల్లో చాలావాటికి తాళంచెవి పాన్. పాన్ తప్పనిసరి కాకముందు కాగితం మీద తెరిచిన ఫోలియోలున్నాయి. ఏడాదికి యాభై వేల రూపాయల లోపు చిన్న మదుపులకు పాన్ మినహాయింపు ఉంది. గ్రోత్ ఆప్షనులో పెట్టిన సొమ్ము మీద డివిడెండ్ రాదు కాబట్టి ఏళ్ల తరబడి బ్యాంకు పాసుబుక్కులో ఆ ఊసే కనిపించదు. ఇలాంటి వాటికి ఆ పాత ఫోలియో నంబరే గట్టి ఆధారం. అదేమో ఎవరి నోటుబుక్కులోనో, పేరు లేకుండా, తోక తెగి ఉంటుంది.

అందుకని కొత్త పోర్టల్ అడగడం లేదు, కొత్త నంబరు అసలే వద్దు. ఇప్పటికే పాన్ ఉంది, 14 అంకెల కేంద్రీయ కేవైసీ నంబరు ఉంది, ఫండ్ లావాదేవీల వేదిక ఎంఎఫ్ యుటిలిటీస్ వారి ఉమ్మడి ఖాతా నంబరు ఉంది, డీమ్యాట్ తీసుకున్నవారికి పదహారు అక్షరాల ఖాతా సంఖ్య ఉంది. చాలు. నేను అడిగేది ఉన్న నంబర్లకు పేర్లు పెట్టమని.

ప్రతి స్టేట్‌మెంటు మొదటి పుటలో, పథకాల విలువలకంటే ముందు, మదుపరి ఎంచుకున్న భాషలో, పెద్ద అక్షరాలతో ఇంత రాస్తే చాలు: “ఇది మీ ఫోలియో నంబరు. ఇది ఈ ఫండ్ సంస్థకు మాత్రమే చెల్లుతుంది. తరువాత ఇదే సంస్థలో మదుపు చేసేటప్పుడు ఈ నంబరే రాయండి. మీ కుటుంబంలో ఒకరికి చెప్పి ఉంచండి.” దాని పక్కనే నామినీ నమోదైందా లేదా, ఉమ్మడి మదుపరులు ఎవరు, ఏ వరుసలో అన్నది ఉండాలి. యూఎంఆర్‌ఎన్, లావాదేవీ సంఖ్య, ఐసిన్ లాంటివి కింద ఎక్కడున్నా సరే, ‘ఇది ఖాతా నంబరు కాదు’ అని ఒక్క మాట చేర్చి ముద్రించాలి. నాకు వచ్చే స్టేట్‌మెంటులో ఇవన్నీ ఒకే సైజు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఆవర్జాలు దిద్దినవాణ్ణి, నేనే తడబడ్డాను.

అంతకంటే ముఖ్యమైనది ఆ గడి సంగతి. అదే పాన్, అదే మదుపరులు, అదే వరుస ఉన్న ఫోలియో తమ వద్ద ముందే ఉందని సంస్థ కంప్యూటరుకు తెలుసు. తెలిసీ కొత్తది తెరిచే ముందు ఒక్కసారి మదుపరిని అడగాలి: “మీకు ఫలానా ఫోలియో ఉంది, అందులోనే చేర్చమంటారా?” వద్దంటే కొత్తదే తెరవనివ్వండి, పిల్లల చదువుకని ఒకటీ ఇంటికని ఒకటీ విడిగా పెట్టుకునేవారూ ఉంటారు. అడగకుండా తెరవడమే తప్పు. ఇప్పటికే విడివిడిగా పడి ఉన్నవాటిని, వివరాలన్నీ సరిపోలినప్పుడు, ఒకటిగా కలుపుకునే సౌకర్యం సంస్థల వద్ద ఉంది గానీ దాని సంగతి మదుపరికి ఎవరూ చెప్పరు. మనం అడిగితేనే ఉందంటారు. ఏడాదికొకసారి స్టేట్‌మెంటుతో పాటే ఆ సంగతి తెలియజేయమని ఆదేశించవచ్చు.

ఫండ్ సంస్థలు చేతులు మారినప్పుడు, విలీనమైనప్పుడు ఫోలియో నంబర్లు మారడం సహజం. కొత్త నంబరు కింద పాత నంబరును కూడా చిన్న అక్షరాలతోనైనా ఎప్పటికీ ముద్రిస్తూ ఉండాలని కోరుతున్నాను. నోటుబుక్కులో ఉండేది పాతదే. తోక విషయంలో ఇక వాదన అనవసరం. గీత ఉన్నా లేకపోయినా ప్రధాన సంఖ్యను బట్టి వెతికేలా చేయడం కంప్యూటరుకు పెద్ద పని కాదు.

నంబరును ఇంతగా బయటపెడితే మోసాలు పెరగవా అని తమ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. జాగ్రత్త అవసరమే. అయితే యూనిట్లు వెనక్కిచ్చినప్పుడు సొమ్ము ఫోలియోలో నమోదైన బ్యాంకు ఖాతాకే వెళుతుంది. ఫోలియో నంబరు తెలిసినంత మాత్రాన ఎవరూ దాన్ని తమ ఖాతాకు మళ్లించుకోలేరు. ప్రమాదం ఓటీపీ చెప్పడంలో ఉంది, పాన్ కాపీలు వాట్సాప్‌లో అందరికీ పంపడంలో ఉంది. భార్యకు ఫోలియో నంబరు చెప్పడంలో లేదు. మా బావగారు అక్కయ్యకు చెప్పకపోవడానికి కారణం భయం కాదు, చెప్పవలసిన విషయమని ఆయనకు ఎవరూ చెప్పకపోవడం.

మూడో పేజీలో పెన్సిలుతో రాసిన నంబర్లలో ఒకటి పైన చెప్పిన ఏఆర్‌ఎన్. రెండోది ఇంకా తేలలేదు. ఎనిమిది అంకెలు, చివరిది ఒకటో ఏడో చెరిగిపోయి తెలియడం లేదు. రెండు విధాలుగానూ రెండు సంస్థల్లో అడిగి చూశాను. ‘మిత్ర’లో పాన్‌తో వెతికాను, రాలేదు. అది ఫోలియో కాకపోవచ్చు, పాత దరఖాస్తు సంఖ్యే కావచ్చు. అక్కయ్య మాత్రం ఆ పేజీ చింపనివ్వడం లేదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత వాణిజ్యశాస్త్ర అధ్యాపకుడు