సుంకం బిల్లు మీదే వాపసు దారి రాయాలి

సంపాదకుడు గారికి,

తెనాలిలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసి బతుకుతున్నవాణ్ని. మాఘమాసం ముహూర్తాలకని జపాన్ నుంచి ఒక లెన్సు తెప్పించాను. కొరియర్ అబ్బాయి గుమ్మంలోనే కస్టమ్స్ సుంకమని 11,640 రూపాయలు కట్టించుకుని పెట్టె చేతికిచ్చాడు. తీరా బిగించి చూస్తే ఫోకస్ పట్టదు. అమ్మినవాళ్లు వీడియో అడిగారు, చూశారు, లెన్సు తిరిగి అందగానే ధర మొత్తం వేశారు. సుంకం సంగతి మాత్రం మీ ప్రభుత్వాన్నే అడగమన్నారు. కొరియర్ వాళ్లేమో ప్రభుత్వానికి ఎప్పుడో కట్టేశామన్నారు. నా దగ్గర లేని వస్తువుకు నేను పన్ను కట్టినట్టయింది.

చట్టంలో దారి లేదా అంటే, ఉంది. 1962 నాటి కస్టమ్స్ చట్టం 26ఎ సెక్షన్ ప్రకారం, దిగుమతైన సరుకులో లోపం ఉంటే కట్టిన సుంకం వాపసు కోరవచ్చు. అందుకు క్లియరెన్స్ ఉత్తర్వు, అంటే సరుకును బయటికి వదలమని కస్టమ్స్ ఇచ్చే ఆదేశం, వెలువడిన 30 రోజుల్లోగా సరుకును తిరిగి ఎగుమతి చేయాలి, లేదా కస్టమ్స్‌కు వదిలేయాలి, లేదా అధికారి ఎదుట ధ్వంసం చేయాలి. తగిన కారణం చూపితే కమిషనర్ మరో 3 నెలల దాకా గడువు పెంచవచ్చు. వాడని సరుకును 2 ఏళ్లలోగా వెనక్కి పంపితే 74వ సెక్షన్ కింద సుంకంలో 98 శాతం రాబట్టుకునే వీలూ ఉంది.

ఇదంతా మా ఊరి టాక్స్ ప్రాక్టీషనర్ ఒకాయన చెబితే తెలిసింది. అప్పటికే నేను లెన్సును మామూలు పార్సిల్‌గా పంపేశాను. వచ్చిందీ పోతున్నదీ ఒకే వస్తువని కస్టమ్స్ అధికారి చూసి ఒప్పుకుంటేనే డబ్బు వస్తుందట. ఆ ముక్క నాకు ముందుగా ఎవరు చెప్పారు? పైగా 30 రోజుల లెక్క పెట్టె మన ఇల్లు చేరిన రోజు నుంచి కాదు, ఎక్కడో విమానాశ్రయంలో ఉత్తర్వు ఇచ్చిన రోజు నుంచి. దారిలో కొన్ని రోజులు, అమ్మినవాళ్లతో ఉత్తరప్రత్యుత్తరాలకు ఇంకొన్ని వారాలు పోతే మిగిలేదేముంది?

కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డును కోరేది ఇదే. గుమ్మంలో ఇచ్చే సుంకం బిల్లు మీద క్లియరెన్స్ తేదీ, వాపసు గడువు, ఎవరికి దరఖాస్తు పెట్టాలో తెలుగులో అచ్చు వేయించాలి. మన తరఫున దిగుమతి పత్రాలు దాఖలు చేసే కొరియర్ సంస్థే వాపసు దరఖాస్తు కూడా పెట్టాలి. న్యాయమైన రుసుము తీసుకోనివ్వండి, ఇస్తాం. సొంత వాడకానికి తెప్పించుకునే పార్సిళ్లకు గడువును చేతికందిన రోజు నుంచి లెక్కించాలి. అందుకు చట్టం సవరించాల్సి వస్తే సవరించాలి.

మా వీధిలో ఇంకో ఫొటోగ్రాఫర్ కూడా విదేశం నుంచి లెన్సు తెప్పించుకుంటున్నాడు. పెట్టె రాగానే ముందు క్లియరెన్స్ తేదీ కనుక్కోమని, బాగోకపోతే మామూలు పార్సిల్‌లో మాత్రం వెనక్కి పంపొద్దని నిన్ననే వెళ్లి చెప్పి వచ్చాను.

ఇట్లు,
ఒక ఫొటోగ్రాఫర్, తెనాలి